లోపలి మనిషిని చెప్పనీ

కాంపౌండరు మామ పోయిన రోజు పొద్దున నేనొక తప్పు చేశాను. ఆయన పోయాడని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే చేసేవాణ్ణి కాదని చెప్పుకోవడం కూడా ఒక సాకే అవుతుంది.

ఆత్మకూరులో బస్టాండుకు దగ్గర్లో ఒక రక్తపరీక్షల ల్యాబు ఉంది. వాళ్లు రిపోర్టులు టైపు కొట్టే ప్రోగ్రాం నేను రాసిందే. ఆ పొద్దున ల్యాబు ఓనరు ఫోను చేశాడు. మర్రిపాడు నుంచి ఒక లారీ డ్రైవరు జ్వరంతో వచ్చి పరీక్ష చేయించుకుంటే డెంగీ ఉన్నట్టు రిపోర్టు వెళ్లిందట. ఆ మనిషి భయపడిపోయి, లోడెత్తిన లారీని అలాగే వదిలేసి నెల్లూరు వెళ్లి ఆస్పత్రిలో చేరాడు. అక్కడ మళ్లీ పరీక్ష చేసి, లేదన్నారు. వెనక్కి వచ్చి, ల్యాబు గుమ్మంలో నిలబడి, బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ వినేలా అడిగి పోయాడు. ఓనరు కోపమంతా ఒక్కచోటికే చేరింది. టెక్నీషియన్ చీటీ మీద లేదనే రాశాడు. కంప్యూటర్లో ఉందని పడింది. మధ్యలో ఉన్నది కొట్టే అమ్మాయే.

"స్పీకర్లో పెట్టినానన్నా. ఆ అమ్మాయి గూడా ఈడనే ఉండాది. నువ్వే చెప్పు, తప్పు మిషన్‌దా, మనిషిదా?"

నేను ఇంట్లోనే ప్రోగ్రాం తెరిచాను. అదే స్క్రీను, అదే గడి. మౌస్‌తో లిస్టు తెరిచి 'నెగిటివ్' మీద నొక్కాను. నెగిటివ్ పడింది. ఇంకోసారి నొక్కాను. మళ్లీ అదే పడింది.

"ప్రోగ్రాంలో ఏం లేదు," అన్నాను. "కొట్టేవాళ్లు కొంచెం చూసుకోని కొడితే సరిపోతాది."

అవతల "సార్, నేను..." అని ఒక ఆడగొంతు మొదలుపెట్టింది. "నువ్వుండు మే" అన్నాడు ఓనరు. ఆ గొంతు ఆగిపోయింది. ఆమెను చెప్పనివ్వు అని నేను అనలేదు. ఫోను పెట్టేస్తుంటే ఓనరు ఆమెతో అంటున్నది వినిపించింది, ఈ వారం దాకా వచ్చి ఇంక మానుకోమని.

ఆ అమ్మాయి పేరు షమీమ్. రోజూ కలువాయి నుంచి బస్సులో వచ్చి పోతుంది. ఇంట్లో తల్లీ, చిన్నపిల్లా. సంపాదించే చెయ్యి ఆమెది ఒక్కటే. ఇదంతా నాకు అప్పటికే తెలుసు. తెలిసీ ఫోను పెట్టేసి కాఫీ తాగాను.

కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఉదయగిరి నుంచి ఫోను వచ్చింది. మామ పోయాడని.

*

ఆయన నాకు చుట్టం కాదు. ఉదయగిరిలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. ఊళ్లో సగంమందికి కాంపౌండరు, మిగతా సగంమందికి మామ. పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు కాబట్టి ఇక్కడ కూడా పేరు రాయను.

నేను రాసిన మొదటి ప్రోగ్రాం ఆ డాక్టరు కోసమే. రోగుల వివరాలు కంప్యూటర్లో ఉండాలని ఆయన కోరిక. నాకు కంప్యూటరు కొంచెం వచ్చు, ఆస్పత్రి సంగతి బొత్తిగా రాదు. పోయి కాంపౌండరు పక్కన కూర్చుని పని ఎలా జరుగుతుందో చూడమన్నాడు డాక్టరు. అలా కొన్నాళ్లు ఆయన పక్కన కూర్చున్నాను.

పొట్టి మనిషి. తెల్లచొక్కాకు గంజి పెట్టించేవాడు. కూర్చున్నప్పుడు ఆయనకంటే ఆయన చొక్కాయే నిటారుగా ఉండేది. జేబులో ఒక సిరాపెన్ను. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. సంతకం పెట్టాలి పెన్నివ్వమని ఎవరైనా అడిగితే వేలిముద్రల ప్యాడు ముందుకు జరిపేవాడు, అడిగింది స్కూలు హెడ్మాస్టరయినా సరే. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు. నోట్లో ఎప్పుడూ వక్కపొడి. నెమ్మదైన మనిషేమీ కాదు. విసుగెక్కువ. తన చేతిరాత జిల్లాలోనే మంచిదని గట్టి నమ్మకం, ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. డాక్టరు చేతిరాతను చూపించి, "చదువుకు ఇదీ ఫలితం" అని నాతో అనేవాడు.

ఆయన పని, లోపలికి పంపేముందు రోగిని అడిగి, బాధేమిటో చీటీ మీద రాయడం. వినడానికి సులువే. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు ఒంటరిగా వచ్చేవాళ్లు కారు. ఉన్న ఒకటీ అరా బస్సులో ఇంటిల్లిపాదీ ఎక్కేవాళ్లు. గుమ్మంలో ముందు మగమనిషి, అతని వెనక తల్లి, తల్లి వెనక భార్య, ఆమె చంకలో పిల్ల. మనిషి వెనక మనిషి, మనిషి వెనక మనిషి. అందరికంటే లోపల జబ్బు. ప్రశ్న అడిగితే జవాబు ఎప్పుడూ గుమ్మంలో ఉన్నవాడి నుంచే వచ్చేది. జ్వరం ఎవరికైనా సరే, చెప్పేది అతనే.

కాంపౌండరు ఎడమచెయ్యి ఎత్తేవాడు. అరచెయ్యి అవతలివైపుకి తిప్పి, బస్సును ఆపినట్టు. కుడిచేతి రెండు వేళ్లతో ఆ గుంపులో అందరికంటే వెనక ఉన్న మనిషిని పిలిచేవాడు.

"నువ్వుండు. లోపలి మనిషిని చెప్పనీ."

లోపలి మనిషి చంటిపిల్ల అయితే స్టూలు దిగి గొంతుకూర్చునేవాడు. చెప్పడానికి టైమిచ్చేవాడు. బయట బెంచీ మీద జనం గొణుక్కుంటున్నా పట్టించుకునేవాడు కాదు. పిల్ల చెప్పలేకపోతే ఒక్క మెట్టు బయటికి వచ్చి తల్లిని అడిగేవాడు. తల్లికీ తెలియకపోతే అవ్వను. అవ్వకూ తెలియకపోతే అప్పుడు గుమ్మంలో ఉన్నవాణ్ణి. మధ్యలో ఎవర్నీ దాటేసేవాడు కాదు. ఎవరో ఒకరు చెప్పాక చీటీ మీద రాసి, పెన్నుకు మూత పెట్టేవాడు. టక్కుమని చప్పుడయ్యేది. ఆ తరువాత ఇంకెవరి మాటా చెల్లదు. గుమ్మంలో ఉన్నాయన ఉండబట్టలేక "అది గాదు మామా, అసలేంజరిగిందంటే..." అంటే, మూత పెట్టిన పెన్నును ఆయన ముఖం ముందు ఆడించేవాడు.

"అయిపాయె. ఒక నొప్పిని ఇద్దరు చెప్తే రెండు నొప్పులవుతాయి. మాట్లాడబాక."

బురఖాలో వచ్చిన ఆడవాళ్లను ఉర్దూలో అడిగేవాడు. ఆ ఉర్దూకు వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వాక చెప్పేవాళ్లు. పుట్టినప్పటి నుంచి ఆ భాష మధ్యనే పెరిగిన మనిషికి అన్ని తప్పులెలా వస్తాయని నాకు అనుమానం. కావాలనే మాట్లాడేవాడేమో. అడిగితే మాత్రం ఒప్పుకోలేదు.

ఒకసారి సీతారామపురం దాటి ఏదో పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముందు ఇంటిపెద్ద. ఊళ్లో తన మాట చెల్లుతుందని నడకలోనే తెలుస్తోంది. ఆయన వెనక భార్య, కొడుకు, గోడవారగా కోడలు. బాధేమిటో ఇంటిపెద్దే చెప్పాడు. కోడలుపిల్ల మొండికేసింది, పిలిస్తే పలకదు, అత్త ఏం చెప్పినా విననట్టే పోతుంది, ఏదైనా సూదిమందు వేసి దారిలో పెట్టాలి.

కాంపౌండరు చెయ్యెత్తాడు. "నొప్పి నీకా, ఆ పిల్లకా?"

"నాకేం నొప్పి?"

"అయితే నువ్వుండు పెద్దాయనా."

ఆ పిల్లను అడిగాడు. ఆమె పలకలేదు. మళ్లీ అడిగాడు. ఆమె గోడనే చూస్తోంది. "చూసినావా, ఇదీ దీని వరస" అంది అత్త. ఇంక ఒక మెట్టు బయటికి వస్తాడనుకున్నాను. కిటికీలోంచి ఎండ ముఖాన పడుతోందని కాబోలు, ఆయన లేచి స్టూలును ఆ పిల్లకు అవతలిపక్కకు లాక్కుని కూర్చున్నాడు. అదే గొంతుతో అదే మాట అడిగాడు. ఆమె వెంటనే తిరిగింది.

"ఈ పక్క వినపడదు నాకు," అంది ఎడమచెవి మీద చెయ్యి పెట్టుకుని. "జొరం వచ్చినకాడ్నుంచీ. చెప్తే ఎవురూ నమ్మలా."

ఆయన రాసి, మూత పెట్టాడు. వాళ్లు డాక్టరును చూసి తిరిగి వెళ్లేటప్పుడు అత్తగారు నడిచే పక్క మార్చుకుంది. కోడలికి కుడివైపు నడిచింది. ఎండ కోసమే స్టూలు జరిపారా అని ఆ సాయంత్రం ఆయన్ను అడిగాను. "ఎండ గాకపోతే ఇంకేంది?" అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉందని నాకు ఇంటికి పోయాక గుర్తొచ్చింది.

*

నా ప్రోగ్రాం తయారైంది. ఆయన మొదట దాని ముందు కూర్చోనన్నాడు. తన చేతిరాత ఉండగా ఈ అచ్చు ఎందుకన్నాడు. డాక్టరు గట్టిగా చెప్పడంతో కూర్చుని ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి నావైపు తిరిగాడు.

"ఏంది అబ్బయా ఇది? నేను లోపలోణ్ణి అడిగితే బయటోడు పలుకుతుండాడే?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ చేసి చూపించాడు. స్క్రీను మీద ఒక పెద్ద కిటికీ, మా భాషలో విండో. దానిలో ఒక పట్టిక. పట్టికలో గడులు. గడిలోకి వెళితే దానికింద బాధల పేర్లతో ఒక చిన్న లిస్టు తెరుచుకుంటుంది. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె. ఆయన లిస్టులో 'దగ్గు' దగ్గర నిలబడి ఎంటర్ నొక్కాడు. దగ్గు గడిలోకి రావాలి. రాలేదు. ఆ ఎంటర్‌ను బయటి కిటికీ తీసేసుకుని, పని అయిపోయిందనుకుని ఆ రోగి వివరాలు సేవ్ చేసేసి తరువాతి రోగిని తెచ్చి ముందు పెట్టింది.

చదివేవాళ్ల కోసం ఇక్కడ నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. కీబోర్డు మీద మీట నొక్కితే ఆ కబురు నేరుగా లోపలి పెట్టెకు చేరదు. బయటి పెట్టె గుమ్మం మీదుగానే పోతుంది. బయటి పెట్టె దాన్ని అక్కడే పట్టుకోవచ్చు, లోపలికి వదలనూ వచ్చు. వదిలితే లోపలిది ముందు చూసుకుంటుంది. తనకు పనికొస్తే వాడుకుని, అయిపోయిందని చెబుతుంది. పనికిరాకపోతే ఒక్కో మెట్టూ బయటికి పంపుతుంది. ఎవరు ముందు వినాలి, ఎవరు ఆగాలి అన్నది ప్రోగ్రాం రాసేవాడి చేతిలో ఉంటుంది. తొందర్లో ఉన్నవాడు అన్నిటినీ గుమ్మంలోనే పట్టేసుకుంటాడు. అది సులువు. నేను చేసిందదే.

ఆ రోజు ఆయన పక్కన కూర్చునే మొత్తం తిరగరాశాను. ముందు లోపలి లిస్టు, తరువాత గడి, తరువాత పట్టిక, చివరికి కిటికీ. ఒకరు పలికితే మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. ఆయన పెన్నుకు మూత పెట్టే పద్ధతే. ఆ తరువాత నేను రాసిన ప్రోగ్రాములన్నీ అదే పద్ధతిలో నడిచాయి. మీ ప్రోగ్రాంలో మీటలు చెప్పినట్టు వింటాయే అని ఎవరైనా మెచ్చుకుంటే తల ఊపేవాణ్ణి. ఎక్కడ నేర్చుకున్నానో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆయన పద్ధతి ఎప్పుడూ సరిగ్గానే నడిచిందని కాదు. కొండకింద పల్లెలో గొర్రెలు కాసుకునే ఒక ముసలాయన ఒంటరిగా వచ్చాడు. కాళ్లనొప్పులన్నాడు. కాంపౌండరు రాసి మూత పెట్టేశాడు. "ఇంకోటి ఉండాది సామీ..." అన్నాడు ముసలాయన. ఆ రోజు జనం ఎక్కువ, ఈయన విసుగు మీద ఉన్నాడు. మూత పెట్టిన పెన్ను ఆడించి చూపించాడు. ముసలాయన ఊరుకుని లోపలికి పోయి, మాత్రలు తీసుకుని వెళ్లిపోయాడు.

తరువాతి మనిషి కోసం మూత తీసిన కాంపౌండరు రాయలేదు. గుమ్మంవైపు చూస్తూ ఉండిపోయాడు. "ఇంకోటన్నాడు గదా ఆ ముసిలాయన," అన్నాడు నాతో. గొడుగు తీసుకుని లేచాడు. బెంచీ నిండా జనాన్ని వదిలేసి బస్టాండుకు నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను.

బస్సు కదలబోతోంది. ఆయన ఫుట్‌బోర్డు ఎక్కి నిలబడి, బస్సంతా వినేలా అన్నాడు.

"ఇందాక నిన్ను నోరు మూయించినాను. తప్పు నాది. దిగు, ఆ ఇంకోటేందో చెప్పు."

ముసలాయన సిగ్గుపడి, ఏం లేదులే పోనీ అన్నాడు. కాంపౌండరు దిగలేదు. కండక్టరు కసురుకున్నాడు. చివరికి ముసలాయన కర్ర పట్టుకుని దిగాడు. ఆ ఇంకోటి, పడుకుంటే ఊపిరాడకపోవడం. డాక్టరు ఆయన్ను ఆ మధ్యాహ్నమే నెల్లూరు పంపించాడు.

పోయి చెవిలో చెబితే సరిపోయేది కదా, అంత గట్టిగా ఎందుకని తిరిగి వస్తూ అడిగాను. ఆయన గొడుగు కిందనుంచి నన్నొకసారి చూశాడు.

"నలుగురి ముందర ఆపినాను గదా. గుసగుసగా ఎట్లా దిద్దేది?"

*

ఉదయగిరిలో ఆయన ఇల్లు కొండకు దిగువన ఒక సందులో. నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గుమ్మం ముందు షామియానా, కుర్చీలు. దండ వేసి, పక్కకు వచ్చి ఆయన కొడుకును పలకరించాను. ఆర్టీసీలో డ్రైవరు. నాకంటే కొంచెం చిన్న. మామ భార్య అక్కడే, ఆయన తలాపున కూర్చుని ఉంది.

"ఎట్లా జరిగింది?" అన్నాను అతనితో.

అతను చెప్పబోయాడు. నోరు తెరిచి, ఆగాడు. తల్లివైపు చూశాడు.

"అమ్మ దగ్గరుండిందన్నా. అమ్మ చెప్తాది."

అని ఊరుకున్నాడు. అక్కడున్న మేమందరం ఊరుకున్నాం. ఆమె వెంటనే చెప్పలేదు. కొంగు సర్దుకుంది. ఈగను తోలింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ ఇంట్లో అది అలవాటనుకుంటాను.

"తెల్లవారుజామున గుండెల్లో నొప్పన్నాడు నాయనా," అంది చివరికి. "ఆస్పత్రికి తీసకపోయినాము. ఆడ ఎవురో కొత్త డాక్టరమ్మ. ఏమైందని వీణ్ణడిగింది. వీడు చెప్పబోయినాడు. పండుకోనుండే మనిషి ఇట్లా చెయ్యెత్తినాడు." ఆమె ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. "నొప్పి నాది, నేను చెప్తానన్నాడు. ఏడేడ నొప్పో, ఎప్పట్నుంచో అంతా చెప్పినాడు. ఆయమ్మ రాసుకునింది. అంతే, ఇంకేం మాట్లాడలా."

చెబుతూ ఆమె కొంచెం నవ్వింది. నవ్వుతూనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

గోడకు మేకుకు గంజి చొక్కా వేలాడుతోంది. జేబులో పెన్ను ఉంది. నాకు మాత్రం పొద్దున ఫోన్లో విన్న ఆ సగం మాటే వినిపిస్తోంది. సార్, నేను. ఆ తరువాతిది ఏమిటో నేను వినలేదు. గుమ్మంలో ఉన్నవాణ్ణి అడిగాను, గుమ్మంలో ఉన్నవాడికే జవాబు చెప్పాను, మూత పెట్టేశాను.

దహనమయ్యేదాకా ఉండి, తిరిగి ఆత్మకూరు వచ్చాను. ఇంటికి పోలేదు. స్నానం చేయకుండా పనులకు పోకూడదంటారు. దారిలో ఒక బోరు దగ్గర నీళ్లు పోసుకుని, తడిబట్టలతోనే బండి నడుపుకుంటూ ల్యాబుకు వచ్చాను. దీపాలు పెట్టే వేళ. రిపోర్టుల కోసం బెంచీ నిండా జనం. ఓనరు కౌంటర్లో ఉన్నాడు. షమీమ్ లోపల కొడుతోంది.

"ఏందన్నా, తడిసినావు?" అన్నాడు ఓనరు. "పొద్దున సంగతి అయిపోయిందిలే, నేను చెప్పేసినాను ఆమెకి..."

ఆమెతో మాట్లాడాలన్నాను. వెళ్లి ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"పొద్దున ఏదో చెప్పబోయినావు. నేను విన్లా. ఇప్పుడు చెప్తావామ్మా?"

ఆమె ఓనరువైపు చూసింది. తరువాత కీబోర్డువైపు చూసింది. నేను ఆగాను. కాంపౌండరుకు ఉన్నంత ఓపిక నాకు లేదు, అయినా ఆగాను.

"పోయిన వారం మీరు మార్చిన కాడ్నుంచీ ఇట్లా అవతాంది సార్," అంది మెల్లగా. "నేను మౌసు ముట్టను. అంతా కీబోర్డుతోనే. చూడండి."

కొట్టి చూపించింది. ఎన్ నొక్కింది. లిస్టు తెరుచుకుని 'నెగిటివ్' మీద నిలబడింది. ఎంటర్ నొక్కింది. కర్సరు కింది వరసకు దూకింది. పై గడిలో మాత్రం 'పాజిటివ్' ఉంది. అంతకుముందు రోగిది.

పని తొందరగా సాగాలి, ఎంటర్ నొక్కితే చాలు కింది వరసకు పోవాలి అని ఓనరు అడిగితే పోయిన వారం మార్చింది నేనే. లోపలిదాకా పోయి మార్చడానికి బద్ధకించి, ఎంటర్‌ను బయటి కిటికీలోనే పట్టేసుకున్నాను. లోపలి లిస్టుకు కబురే పోలేదు. ఒకే పరీక్ష వరసగా కొట్టేటప్పుడు శ్రమ తగ్గుతుందని, ముందు రోగి ఫలితం గడిలో అలాగే ఉండేలా పెట్టింది కూడా నేనే. ముందు రోగికి లేకపోతే, ఈ రోగికీ లేకపోతే, తప్పు కనపడదు. అందుకే వారమంతా బయటపడలేదు. మౌస్‌తో నొక్కితే ఎంటర్ అవసరమే లేదు. అందుకే పొద్దున నాకూ కనపడలేదు.

"మరి జబ్బు ఉండేవాళ్లకి లేదని పడలేదా?" అన్నాను.

"ఉందని చీటీలో ఉంటే రెండోసారి చూస్తాను సార్. అట్లాంటివీ, వాటి తరువాత తప్పు పడినవీ అక్షరాలు పూర్తిగా కొట్టి దిద్దినాను. ఆ డ్రైవరుది జారిపోయింది."

నేను లేచాను. కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. బెంచీ మీద ఉన్నవాళ్లకు నేనెవరో తెలియదు. అయినా వాళ్లకూ వినపడేలాగే ఓనరుతో అన్నాను.

"పొద్దున నీకు అబద్ధం చెప్పినాను. తెలిసి చెప్పలేదు గానీ అబద్ధమే. తప్పు ప్రోగ్రాంలో ఉండాది. అది నేను చేసిందే. ఈ అమ్మాయిది ఏమీ లేదు."

ఓనరు బెంచీవైపు చూశాడు. "ఇందరి ముందర ఎందుకన్నా ఇదంతా, ల్యాబు పేరు పోతాది" అన్నాడు. పొద్దున ఆమెను అన్నది కూడా ఇందరి ముందరే కదా అన్నాను. బెంచీ మీద ఒకాయన, అట్లయితే మా రిపోర్టులు మళ్లీ చూసి ఇయ్యండి అన్నాడు. న్యాయమైన మాట. షమీమ్, టెక్నీషియన్, నేను కూర్చుని, ఆ వారం చీటీలన్నీ రిపోర్టులతో కలిపి చూశాం. ఆ డ్రైవరుది తప్ప మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉంచింది ఆమే.

మర్నాడు పొద్దున ఓనరునూ వెంటబెట్టుకుని మర్రిపాడు వెళ్లాను. డ్రైవరు ఇంటిముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య లోపలినుంచి వింటోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. అతను నన్ను తిట్టాడు. వినాల్సినవే తిట్టాడు. తరువాత, ఆస్పత్రిలో పడుకున్న ఆ రెండు రోజులూ పిల్లల్ని దగ్గరికి రానీలేదు తెలుసా అన్నాడు. నెల్లూరులో అయిన ఖర్చు మేమిద్దరం పెట్టుకుంటామని చెప్పి వచ్చాం. ఆ రెండు రోజులు మాత్రం మేమిచ్చేవి కావు.

ఇంటికి వచ్చి మౌస్ తీగ పీకి బీరువాలో పెట్టాను. ఎంటర్‌ను గుమ్మంలో పట్టుకోవడం తీసేసి, ముందు లోపలి లిస్టుకు ఇచ్చాను. అది పలికితే గడి ఊరుకోవాలి, గడి పలికితే పట్టిక ఊరుకోవాలి. ముందు రోగి ఫలితం మిగిలి ఉండడం కూడా తీసేశాను. గడి ఖాళీగా ఉంటుంది, చెప్పేదాకా.

సాయంత్రం ల్యాబుకు తీసుకెళ్లి వేశాను. షమీమ్ కొట్టి చూసింది. ఎన్, ఎంటర్, నెగిటివ్. పి, ఎంటర్, పాజిటివ్. వేగంగా కొట్టింది, మెల్లగా కొట్టింది. ఓనరు ఆమె వెనక నిలబడి చూస్తున్నాడు. మానుకోమన్న మాట మరిచిపొమ్మని మధ్యాహ్నమే ఆమెకు చెప్పాడట, అదీ బెంచీ ముందరే. ఆ సంగతి నాకు ఆమె చెప్పలేదు, టెక్నీషియన్ చెప్పాడు.

సరిపోయింది అనుకుని లాప్‌టాప్ మూశాను. టక్కుమంది.

"ఇంకోటి ఉండాది సార్," అంది షమీమ్.

నేను ఆగాను.

"లిస్టు వద్దనుకోని ఎస్కేప్ నొక్కితే, లిస్టొక్కటే మూసుకోవాల గదా. స్క్రీనంతా పోతాది. కొట్టిందంతా పోతాది. మొదట్నుంచీ అంతే. మళ్లీ కొట్టుకుంటాను, బస్సు తప్పిపోతాది..."

"అదేం పెద్ద విషయం గాదులేన్నా," అన్నాడు ఓనరు వెనకనుంచి, "ఆమెకి అలవాటైపోయింది, మొన్న నేనే..."

నా ఎడమచెయ్యి దానంతటదే లేచింది, అరచెయ్యి అతనివైపు తిరిగి. కుడిచేత్తో లాప్‌టాప్ మళ్లీ తెరిచాను.

"నువ్వు చెప్పమ్మా," అన్నాను.